పియర్ వైస్: అయస్కాంతంలోని వేడిని కొలిచిన శాస్త్రవేత్త

మన డిగ్రీ తరగతుల భౌతికశాస్త్ర గ్రంథాలలో క్యూరీ–వైస్ నియమమన్న మాట తారసపడని విద్యార్థి ఉండడు. ఆ జంట నామంలో మొదటివారైన పియర్ క్యూరీ గాథ లోకవిదితము. రెండవవారి పేరును మాత్రం పరీక్షకు ముందురోజు ఒకసారి చదివి, పరీక్షలో ఒకసారి వ్రాసి, ఆపైన మరచిపోతున్నాము. అయస్కాంతమన్నా, ఉర్దూలో మిక్నాతీస్ అన్నా, మన పెద్దలు పలికిన చక్కని తెలుగు మాటలో సూదంటురాయి అన్నా, ఆ వస్తువు ఎందుకు అట్లా ప్రవర్తిస్తుందో మొదటిసారిగా లెక్కగట్టి చెప్పినవారు పియర్ వైస్. అంతకంటె విచిత్రమైన సంగతి మరొకటి ఉంది. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన లోహం వేడెక్కుతుందనీ, క్షేత్రాన్ని తొలగించగానే అంతే మేరకు చల్లబడుతుందనీ కొలిచి చూపినవారు కూడా ఆయనే. నేడు అనేక దేశాల ప్రయోగశాలలలో మిశ్రలోహాలలోని ఒక పరమాణువును తీసి మరొక పరమాణువును పెట్టి చేస్తున్న పరిశోధనలకు మూలం ఆ కొలతలో ఉంది. ఆయన జీవితాన్ని ఈ సంచికలో మా విద్యార్థి మిత్రుల ముందుంచాలని సంకల్పించాము.

వైస్ 1865 మార్చి 25న ఫ్రాన్సు తూర్పు సరిహద్దులోని అల్సాస్ సీమలో, ములూజ్ పట్టణంలో జన్మించారు. ములూజ్ అద్దకపు బట్టలకు పేరుపడిన ఊరు. భారతదేశపు అద్దకపు గుడ్డలను అనుకరిస్తూ 1746లో అచ్చట ఆ పరిశ్రమ మొదలైంది. ఆ గుడ్డలకు వారు పెట్టుకున్న పేరే ఇండియెన్. ఐరోపాను అట్లా మోహింపజేసిన వస్త్రాలలో మన మచిలీపట్నం రేవు నుండి వెళ్ళినవి కూడా ఉన్నాయన్నది ప్రసంగవశాత్తు గుర్తు చేస్తున్నాము.

బాలుడికి ఆరేళ్ళు నిండేసరికి అతని దేశం మారిపోయింది. 1870–71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోగా అల్సాస్ జర్మనీ వశమైంది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, కాని ప్రభుత్వం మారింది, బడిలో భాష మారింది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్లల మనఃస్థితి మన కళాశాలలో పలువురికి అనుభవైకవేద్యమే గనుక దానిని విస్తరించి వ్రాయనవసరం లేదు. వైస్ జర్మన్‌లో చదువుకున్నారు. జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో యంత్రశాస్త్రం అభ్యసించి 1887లో తరగతిలో ప్రథములుగా పట్టభద్రులయ్యారు. అయితే ఇరువది ఒకటవ ఏట ఏ దేశపు పౌరుడవుతావన్న ప్రశ్న వచ్చినపుడు ఫ్రాన్సునే కోరుకున్నారు. చేతికి వచ్చిన ఇంజనీరు వృత్తిని విడిచి, మరల విద్యార్థిగా ప్యారిస్ చేరి, 1888లో ఎకోల్ నోర్మాల్ సుపీరియర్‌లో ప్రవేశించారు. ఈ నిర్ణయం తేలికైనది కాదని మా భావన.

1896లో ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసం మాగ్నటైటు స్ఫటికాలను గురించినది, అనగా సాక్షాత్తు సూదంటురాయిని గురించినదే. రెన్, లియోన్ విశ్వవిద్యాలయాలలో కొంతకాలం బోధించి, 1902లో తాము చదివిన జ్యూరిచ్ సంస్థకే ఆచార్యులుగా తిరిగి వెళ్ళారు. అచ్చట బలమైన విద్యుదయస్కాంతాలను స్వయంగా రూపొందించుకొని, ఐరోపాలో పేరెన్నికగన్న అయస్కాంత ప్రయోగశాలను నెలకొల్పారు. వెనుకటి యంత్రశాస్త్ర విద్య ఇచ్చట అక్కరకు వచ్చింది.

ఆనాటికి తేలని చిక్కు ఒకటి ఉండేది. ఇనుము, నికెల్, కోబాల్టు వంటి లోహాలను వేడిచేస్తూ పోతే ఒక్కొక్క దానికీ ఒక్కొక్క నిర్దిష్టమైన ఉష్ణోగ్రత వద్ద అయస్కాంతశక్తి లోపిస్తుంది. ఇనుముకు అది సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు, నికెల్‌కు సుమారు 358. పియర్ క్యూరీ 1895లో దీనిని శ్రద్ధగా పరిశీలించినందున ఆ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటున్నాము. ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే అనుకుంటే, వేడి వాటిని చిందరవందర చేస్తుంది, బాహ్యక్షేత్రం వరుసలో నిలబెట్టజూస్తుంది. 1905లో లాంజవెన్ ఈ లెక్కను కట్టి చూపారు. కాని ఆ లెక్క ప్రకారం గది ఉష్ణోగ్రతలో ఇనుము అంత బలమైన అయస్కాంతం కానే కారాదు. చిన్నపాటి క్షేత్రంతో కోట్లాది పరమాణువులు ఒకే దిశకు తిరగడమెట్లా?

1907లో వైస్ ఇచ్చిన సమాధానం సాహసోపేతమైనది. లోహంలోని ప్రతి పరమాణు అయస్కాంతం మీద బయటి క్షేత్రమే కాక, తన ఇరుగుపొరుగు పరమాణువులన్నీ కలిసి కలిగించే అంతర్గత క్షేత్రం కూడా పనిచేస్తుందని ఆయన ఊహించారు. దానికి అణుక్షేత్రమని పేరు పెట్టారు. ఎన్ని పరమాణువులు వరుసలో ఉంటే అణుక్షేత్రం అంత బలపడుతుంది, అది బలపడిన కొద్దీ మరికొన్ని వరుసలోకి వస్తాయి. వేడి పెరిగి ఒక హద్దు దాటగానే ఈ పరస్పర సహాయం కుప్పకూలుతుంది. ఆ హద్దే క్యూరీ ఉష్ణోగ్రత. మరి మామూలు ఇనుప మేకు ఎందుకు అయస్కాంతం కాదన్న ప్రశ్నకు, లోపల చిన్నచిన్న ప్రదేశాలుగా విడిపోయి, ఒక్కొక్క ప్రదేశం ఒక్కొక్క దిశకు తిరిగి ఉండుటచేత మొత్తం మీద ఒకదానినొకటి రద్దు చేసుకుంటున్నాయని చెప్పారు. వాటినే నేడు డొమైన్లు అంటున్నాము.

ఈ సిద్ధాంతానికి ఒక పెద్ద లోపం ఉన్నది. లెక్కకు సరిపోవాలంటే ఇనుములోని అణుక్షేత్రం లక్షలలో, అనగా అరువది లక్షల గాస్‌లకు పైబడి ఉండాలి. ఆనాటి ఉత్తమ విద్యుదయస్కాంతాలు ఇచ్చినది కొన్ని పదుల వేలు. పరమాణువుల మధ్య సాధారణ అయస్కాంతాకర్షణ అంత క్షేత్రాన్ని ఈయజాలదని వైస్‌కూ తెలుసు. ఆ బలం ఎచ్చటి నుండి వస్తున్నదో ఆయన చెప్పలేకపోయారు. అది 1928లో హైసెన్‌బర్గ్ క్వాంటం సిద్ధాంతంతో వివరించిన వినిమయ బలమని తరువాత తేలింది. కారణం తెలియకుండానే కార్యాన్ని సరిగా లెక్కించిన ఉదాహరణలు విజ్ఞానశాస్త్రంలో అరుదు కావు గాని, ఇది వాటిలో గొప్పది.

ఆయన పొరపాటును కూడా దాచకుండా చెప్పాలి. లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్‌తో కలిసి అత్యల్ప ఉష్ణోగ్రతలలో కొలతలు తీసిన పిమ్మట, 1911లో ఆయన పరమాణువుల అయస్కాంతత్వమంతా ఒకే మూల ప్రమాణానికి పూర్ణ గుణిజాలుగా ఉంటుందని ప్రకటించారు. దానికి మాగ్నెటాన్ అని పేరు. ఆ లెక్కన నికెల్‌కు 3, ఇనుముకు 11 వచ్చాయి. అంకెలు ముచ్చటగా కుదిరాయి. కాని క్వాంటం సిద్ధాంతం నుండి వచ్చిన అసలు ప్రమాణం, అనగా బోర్ మాగ్నెటాన్, వైస్ ప్రమాణానికి దాదాపు అయిదు రెట్లు. వైస్ మాత్రం తన పూర్ణాంకాలను చాలా ఏళ్ళపాటు విడువలేదు. అంకెలు అందంగా కుదరడం వేరు, నిజం కావడం వేరని గ్రహించడం ఎంతటివారికైనా కష్టమే కాబోలు.

ఇక మా వ్యాసానికి ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాము. జ్యూరిచ్‌లో వైస్ వద్ద అగుస్త్ పికార్ అనే స్విస్ యువకుడు పనిచేసేవారు. 1931లో బెలూనులో పదిహేను కిలోమీటర్లకు పైగా ఎగిరి స్ట్రాటోస్ఫియర్‌ను చేరిన పికార్ ఈయనే. ఈ ఇరువురూ నికెల్ అయస్కాంతత్వం క్యూరీ ఉష్ణోగ్రత పరిసరాలలో ఎట్లా మారుతుందో కొలుస్తూ ఉండగా, క్షేత్రాన్ని ప్రయోగించిన ప్రతిసారీ నికెల్ ఉష్ణోగ్రత కొద్దిగా పెరగడం, తొలగించిన ప్రతిసారీ అంతే తగ్గడం కనిపించింది. 354 డిగ్రీల వద్ద, సుమారు 15,000 గాస్‌ల క్షేత్రంలో, ఆ మార్పు 0.7 డిగ్రీ. ఇనుమును మాటిమాటికీ అయస్కాంతీకరిస్తే వేడెక్కుతుందని అంతకు ముందే తెలుసు. అది నష్టపోయిన శక్తి, తిరిగి రాదు. వైస్, పికార్ చూసినది అది కాదు. ఇది వెళ్ళి తిరిగివచ్చే వేడి. 1917, 1918 సంవత్సరాలలో వారు దీనిని ప్రకటించి, ఇది కొత్త దృగ్విషయమని గుర్తించి, మాగ్నెటోకలోరిక్ అన్న పేరు ప్రయోగించారు. దీనిని మనము అయస్కాంతోష్ణ ప్రభావమందాము.

చాలా గ్రంథాలు ఈ ఆవిష్కరణను 1881లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ వార్బర్గ్‌కు ఆపాదిస్తూ వచ్చాయి. వార్బర్గ్ గొప్ప శాస్త్రజ్ఞుడే. అయితే ఆయన చూపినది ఇనుములో తిరిగిరాని శక్తినష్టాన్నే తప్ప ఈ తిరిగివచ్చే వేడిని కాదు. ఒక గ్రంథంలో దొర్లిన పొరపాటును మరొక గ్రంథం ఎత్తివ్రాసుకుంటూ పోవడం మన నోటుపుస్తకాలకే పరిమితం కాదని దీనివలన తెలుస్తున్నది.

వేడి ఎచ్చటి నుండి వచ్చింది? ఉదయం ప్రార్థన సమావేశానికి ముందు మన కళాశాల ఆవరణను తలచుకోండి. గంట కొట్టేవరకు విద్యార్థులు నలుదిక్కులా తిరుగుతూ ఉంటారు. గంట కొట్టగానే వరుసలలో నిలబడతారు, కాని నిలబడిన చోటనే కాళ్ళూ చేతులూ ఆడిస్తారు. అల్లరి మాయం కాలేదు, రూపం మార్చుకున్నది. లోహంలోనూ అంతే. బయటి నుండి వేడి రానీయక, పోనీయక కట్టడి చేసినపుడు మొత్తం క్రమరాహిత్యం, అనగా ఎంట్రోపీ, మారరాదు. క్షేత్రం పరమాణు అయస్కాంతాలను క్రమంలో పెడితే, వాటిలో తగ్గిన క్రమరాహిత్యం పరమాణువుల కంపనంలోకి చేరుతుంది. కంపనం పెరగడమే వేడెక్కడం. క్షేత్రం తొలగితే ఇదంతా తలక్రిందులవుతుంది. క్యూరీ ఉష్ణోగ్రతకు బాగా దిగువన పరమాణువులు ముందే వరుసలో ఉన్నాయి గనుక క్షేత్రం చేయవలసినది స్వల్పం. బాగా ఎగువన వేడి ధాటికి క్షేత్రం ఆగలేదు. రెండింటి నడుమ, సరిగ్గా ఆ హద్దు దగ్గర, ప్రభావం అత్యధికం.

వైస్‌కు ఈ వేడితో శీతలయంత్రం చేయాలన్న ఆలోచన కంటె తన సిద్ధాంతాన్ని పరీక్షించాలన్న ఆరాటమే మిక్కుటము. ఉష్ణోగ్రతలోని మార్పు అయస్కాంతత్వ వర్గంలోని మార్పుకు అనులోమంగా ఉండాలని అణుక్షేత్ర సిద్ధాంతం చెప్పింది. ఆ ప్రకారం వేడిని కొలిచి, డొమైన్ల లోపల దాగిన నిజమైన అయస్కాంతత్వాన్ని రాబట్టవచ్చు. ఫోరేర్‌తో కలిసి నికెల్‌పై చేసిన ఈ విస్తృత పరిశోధన 1926లో వెలువడింది. ఆ సంవత్సరమే వైస్ ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యులుగా ఎన్నికయ్యారు.

ఈ మధ్యకాలంలో ఆయన జీవితం మరల మలుపు తిరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన ఫ్రాన్సు పక్షాన, మిత్రుడు ఎమే కోటన్‌తో కలిసి, ఫిరంగి మ్రోత చేరే కాలాన్ని బట్టి శత్రువుల ఫిరంగి ఎచ్చట ఉందో కనిపెట్టే పద్ధతిని రూపొందించారు. యుద్ధానంతరం అల్సాస్ తిరిగి ఫ్రాన్సు చేతికి వచ్చింది. 1919లో వైస్ స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర సంస్థను నడిపే బాధ్యత స్వీకరించారు. బాల్యంలో పోగొట్టుకొన్న సీమకు ఏబది నాలుగవ ఏట ఆచార్యులుగా తిరిగి వచ్చారన్నమాట. ఆయన ఒక కుమార్తెను సుప్రసిద్ధ గణితవేత్త ఆన్రి కార్టాన్ 1935లో వివాహమాడారు.

స్ట్రాస్‌బర్గ్ ప్రయోగశాలలో జరిగిన పనులలో మిశ్రలోహాల పరీక్షలు మాకు మిక్కిలి ఆసక్తి కలిగించాయి. శుద్ధ నికెల్ తీసుకొని, అందులో కొన్ని నికెల్ పరమాణువుల స్థానంలో మరొక లోహపు పరమాణువులను ప్రతిక్షేపిస్తే ఏమవుతుంది? షార్ల్ సాద్రోన్ మొదలైన శిష్యులు అనేక లోహాలతో ఈ ప్రయోగం చేసి చూశారు. అన్నింటిలో తేటతెల్లమైన ఉదాహరణ రాగి. రాగి శాతం పెరిగిన కొద్దీ నికెల్ అయస్కాంతత్వమూ, క్యూరీ ఉష్ణోగ్రతా ఇంచుమించు సరళరేఖలో దిగుతాయి. మూడింట ఒక వంతు రాగి చేరేసరికి, 358 డిగ్రీల వద్ద ఉన్న హద్దు గది ఉష్ణోగ్రత దరిదాపులకు వస్తుంది. 60 శాతం దగ్గర అయస్కాంతత్వం అంతరిస్తుంది. ఇందుకు ఋజువు ఒకప్పుడు మన జేబులలోనే ఉండేది. 1962 నాటి రూపాయి నాణెం శుద్ధ నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1975 నుండి వచ్చిన రూపాయిలో నికెల్ 25 శాతమే, తక్కినది రాగి. అది అంటుకోదు. ఇంట్లో పాత డబ్బాలు వెదికితే ఈ ప్రయోగం ఎవరైనా చేయవచ్చు.

దీని వివరణ 1930ల నడుమ మాట్ వంటివారి నుండి వచ్చింది. నికెల్‌లో ఒక్కొక్క పరమాణువుకు సగటున 0.6 ఎలక్ట్రానుకు చోటు ఖాళీగా ఉన్నది. ఆ ఖాళీయే దాని అయస్కాంతత్వానికి ఆధారం. రాగి పరమాణువులో ఒక ఎలక్ట్రాను అధికం. అది వచ్చి ఆ ఖాళీని పూడుస్తుంది. 60 శాతం రాగి చేరితే ఖాళీ అంతా నిండిపోతుంది. ఇందులో భిన్నాలున్నాయే గాని వైస్ నమ్మిన పూర్ణాంకాలకు చోటు లేదు. తన మాగ్నెటాన్‌కు ప్రతికూలమైన సాక్ష్యం తన ప్రయోగశాల కొలతలలోనే పోగుపడింది. ఆ కొలతలు నిర్దుష్టమైనవి గనుకనే ఇతరులకు ఉపకరించాయి.

1935లో, డెబ్బదవ ఏట, వైస్ మరొక అద్భుతంలో పాలుపంచుకున్నారు. జార్జ్ ఉర్బేన్, ఫెలిక్స్ ట్రోంబ్‌లతో కలిసి, విరళ మృత్తిక లోహమైన గాడొలినియం కూడా ఇనుమువలె ఫెర్రో అయస్కాంతమేనని కనుగొన్నారు. దాని క్యూరీ ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర. మన ఊళ్ళలో పుష్యమాసపు తెల్లవారుజామున అయస్కాంతానికి గట్టిగా అంటుకునే గాడొలినియం ముక్క, వైశాఖపు మధ్యాహ్నం ఆ పట్టు బాగా సడలించుకుంటుంది. నికెల్‌లో 354 డిగ్రీల కొలిమి వేడిలో కనిపించిన ప్రభావం ఈ లోహంలో మనుషులు నివసించే ఉష్ణోగ్రతలోనే కనిపిస్తుందని అర్థం. 1976లో అమెరికాలో బ్రౌన్ అనే శాస్త్రవేత్త గాడొలినియాన్ని 7 టెస్లాల క్షేత్రంలోనికి, వెలుపలికి కదిలిస్తూ, గది ఉష్ణోగ్రత సమీపంలో 47 డిగ్రీల వ్యత్యాసాన్ని సాధించి చూపారు. కంప్రెసరు లేని శీతలయంత్రం సాధ్యమేనన్న ఆశ అప్పటినుండి బలపడింది.

గాడొలినియం ఖరీదైనది, దాని హద్దు ఒక్కచోటనే స్థిరంగా ఉంటుంది. ఇచ్చటనే ప్రతిక్షేపణ మరల రంగప్రవేశం చేసింది. గాడొలినియం, సిలికాన్ సమ్మేళనంలో అయస్కాంతత్వం నశించే హద్దు సుమారు 62 డిగ్రీలు. సిలికాన్‌లో సగాన్ని తీసి జెర్మేనియం పెడితే అది 3 డిగ్రీలకు దిగుతుంది. హద్దు దిగడం ఒక్కటే కాదు, 1997లో పెచార్‌స్కీ, గ్ష్నైడ్నర్ చూసినదేమంటే, ఆ మిశ్రమంలో అయస్కాంతత్వంతోపాటు స్ఫటిక నిర్మాణం కూడా ఒక్కసారిగా మారుతుంది. 5 టెస్లాల క్షేత్రంలో ఎంట్రోపీ మార్పు శుద్ధ గాడొలినియంలోని దానికి దాదాపు రెట్టింపు. లాంథనం, ఇనుము, సిలికాన్ మిశ్రమం చవుకైనది, కాని దాని హద్దు సున్నాకు దిగువన 70 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఇనుములో కొంతభాగం కోబాల్టుగా మార్చితే హద్దు గది ఉష్ణోగ్రతకు ఎక్కుతుంది, కాని ఆ ఆకస్మికత మొద్దుబారి ప్రభావం తగ్గుతుంది. కోబాల్టుకు బదులు పరమాణువుల సందులలో హైడ్రోజన్‌ను చొప్పిస్తే పదును నిలుస్తుంది, కాని వేడికి హైడ్రోజన్ కొంత వెళ్ళిపోవచ్చు. మాంగనీసు, ఇనుము, భాస్వరం, ఆర్సెనిక్ మిశ్రమం 2002లో ఆశలు రేకెత్తించింది. ఆర్సెనిక్ విషం గనుక దాని స్థానంలో సిలికాన్‌ను ప్రతిక్షేపిస్తూ వస్తున్నారు. మార్పు ఆకస్మికమైన కొద్దీ వేడి అధికం, కాని ఎక్కేటపుడు ఒక ఉష్ణోగ్రత, దిగేటపుడు మరొకటి అయి కొంత శక్తి వృథా అవుతుంది, లోహం పగుళ్ళు తీస్తుంది. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకొనే బేరమిది. అందుచేతనే ఈ యంత్రం ప్రయోగశాలలు దాటి ఇంటింటికీ ఇంకా చేరలేదు. కొత్త మిశ్రమం ఏది వచ్చినా, దానిని తూచి చూసే తూనికరాయి మాత్రం వైస్ బృందం గుర్తించిన ఆ గాడొలినియమే.

వైస్ చివరి రోజుల విషయం చెప్పవలసి ఉంది. 1936లో ఆయన పదవీ విరమణ చేశారు. 1939 మే నెలలో స్ట్రాస్‌బర్గ్‌లో అయస్కాంతత్వంపై అంతర్జాతీయ సమావేశం జరిగింది. నానాదేశాల శాస్త్రజ్ఞులు ఆయన నగరానికి వచ్చారు. నాలుగు నెలలలో మరల యుద్ధం. స్ట్రాస్‌బర్గ్ ప్రజలను ఖాళీ చేయించారు, విశ్వవిద్యాలయం క్లేర్మోఁ-ఫెర్రాఁకు తరలిపోయింది. 1940 వేసవిలో ఫ్రాన్సు ఓడిపోగా అల్సాస్ మరల జర్మనీ పాలయింది. ఆయన జీవితంలో ఆ సీమ చేతులు మారడం అది మూడవసారి. లియోన్ నగరంలో తలదాచుకున్న ఆ వృద్ధ శాస్త్రవేత్త 1940 అక్టోబరు 24న కన్నుమూశారు. పలుమార్లు ప్రతిపాదనకు వచ్చినా నోబెల్ బహుమానం ఆయనకు దక్కలేదు. స్ట్రాస్‌బర్గ్‌లో ఆయన వద్ద పనిచేసి, అణుక్షేత్ర భావనను ముందుకు నడిపిన లూయీ నేల్ యుద్ధకాలంలో గ్రెనోబుల్ చేరి అచ్చట కొత్త ప్రయోగశాలను కట్టుకున్నారు. నేల్‌కు ఆ బహుమానం 1970లో వచ్చింది.